కోవిల్‌పట్టి – విరుదునగర్ సీమ: పౌరుడు తెలుసుకోవలసిన చరిత్ర

మదురై నుంచి తిరునెల్వేలికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ముందు విరుదునగర్, తర్వాత సాత్తూరు, ఆపైన కోవిల్‌పట్టి వస్తాయి. విరుదునగర్ జిల్లా కేంద్రం. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోని పురపాలక పట్టణం. రెండింటి మధ్య సుమారు 50 కిలోమీటర్లు. ఈ నేలను అక్కడివాళ్ళు ‘కరిసల్’ అంటారు, మన నల్లరేగడే. వాన పడితేనే పంట: పత్తి, సజ్జ, మినుము, మిరప. వాన మొహం చాటేసిన ఏడు అగ్గిపెట్టెల పని, టపాకాయల పని, అచ్చుపని జనాన్ని నిలబెడతాయి. కోవిల్‌పట్టి పల్లీపట్టీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ పల్లెల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్ళు చాలామంది. రాజకంబళం నాయకర్లు, కమ్మవారు, రెడ్డియార్లు, రాజపాళయం రాజులు, అరుంధతీయుల్లో ఎన్నో కుటుంబాలు. విజయనగర సామ్రాజ్యం, మదురై నాయకరాజుల కాలాల్లో దక్షిణానికి దిగినవాళ్ళ వారసులు వీళ్ళు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. కొత్త మనిషి తారసపడితే ‘మనవాడా?’ అని ఒకరినొకరు ఆరా తీసుకోవడం ఇప్పటికీ ఉంది.

తమిళంలో పౌరుణ్ణి ‘కుడిమగన్’ అంటారు. కుడి అంటే కుటుంబం, కాపు, పాలకుడి కింద బతికే జనం. ఆ కుడికి పుట్టినవాడు కుడిమగన్. గణతంత్రం ‘కుడియరసు’, అంటే కుడి జనమే ఏలుకునే రాజ్యం. తెలుగులో పౌరుడు పురంలో ఉండేవాడు. ఈ సీమ చరిత్రకు తమిళ మాటే బాగా అతుకుతుంది. పన్ను కట్టి తలవంచి నిలబడిన కుడి, తన మాట వినమని పాలకుణ్ణి నిలదీసే స్థితికి ఎలా వచ్చిందో ఇక్కడ ఊరూరా కనిపిస్తుంది. పౌరశాస్త్రం పుస్తకంలో అధికరణాలుగా చదువుకునేవాటికి ఈ సీమలో ఊరి పేర్లున్నాయి.

పాళయాలు, కంపెనీ, కయత్తారు

16వ శతాబ్దంలో మదురైని ఏలిన విశ్వనాథ నాయకుడు, దళవాయి అరియనాథ ముదలియార్ కలిసి రాజ్యాన్ని 72 పాళయాలుగా పంచారని ప్రసిద్ధి. పాళెగాడు తన పరిధిలో పన్ను వసూలు చేసి, కావలి కాసి, అడిగినప్పుడు సైన్యంతో రావాలి. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం అలాంటి పాళయాలే. రెండూ తెలుగు మూలాలున్న వంశాల చేతుల్లో ఉండేవి. ఆర్కాటు నవాబు అప్పుల్లో మునిగాక, 1792 ఒప్పందంతో పాళెగాళ్ళ దగ్గర కప్పం వసూలు చేసే అధికారం ఈస్టిండియా కంపెనీకి దక్కింది. గొడవ అక్కడ మొదలైంది.

పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను మనవాళ్ళు కట్టబ్రహ్మనగా ఎరుగుదురు. 1959లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఆయన మాటల పౌరుషం అందరికీ తెలుసు. ఆ సినిమా పౌరుషం మాటున మరుగున పడే సంగతి ఒకటుంది. అదే ఈ వ్యాసానికి ముఖ్యం. 1798లో కలెక్టర్ జాక్సన్ బాకీ విషయమై కట్టబొమ్మన్‌ను పిలిపించి, తాను విడిది చేసే ఊళ్ళ వెంట ఎండలో తిప్పి, చివరకు సెప్టెంబర్‌లో రామనాథపురంలో దర్శనమిచ్చాడు. కూర్చోమనలేదు. గంటల తరబడి నిలబెట్టే విచారించాడు. బంధిస్తారన్న అనుమానంతో కట్టబొమ్మన్ బయటపడబోయాడు. తోపులాటలో కంపెనీ అధికారి క్లార్క్ చనిపోయాడు. పాళెగాడి కార్యదర్శి సుబ్రహ్మణ్య పిళ్ళై పట్టుబడ్డాడు.

ఇంటికి చేరిన కట్టబొమ్మన్ మొదట కత్తి తీయలేదు, కాగితం తీశాడు. మద్రాసు కౌన్సిల్‌కు విన్నపం పంపుకున్నాడు. కౌన్సిల్ విచారణ సంఘం వేసింది. సంఘం ఇరుపక్షాలా విని, తప్పు జాక్సన్ నడవడిలో ఉందని తేల్చింది. సుబ్రహ్మణ్య పిళ్ళైని విడిచిపెట్టారు. జాక్సన్ ఉద్యోగం పోయింది. ఆయన స్థానంలో లషింగ్టన్ వచ్చాడు. పరాయి వర్తక సంస్థ కొలువులోనే అయినా, ఆరోపణ ఎదుర్కొంటున్నవాడి మాట విన్నాకే తీర్పు అనే సూత్రం ఒక్కసారి ఇక్కడ పనిచేసింది. దాన్నే న్యాయశాస్త్రంలో సహజ న్యాయం అంటారు.

రెండోసారి పనిచేయలేదు. 1799లో మళ్ళీ కప్పం తగాదా, పాళెగాళ్ళ కూటమి అనుమానం. సెప్టెంబర్‌లో మేజర్ బ్యానర్‌మన్ పాంచాలంకురిచ్చి కోట మీద పడ్డాడు. తప్పించుకున్న కట్టబొమ్మన్‌ను పుదుక్కోట్టై తొండైమాన్ పట్టి అప్పగించాడు. 1799 అక్టోబర్ 16న కోవిల్‌పట్టికి దక్షిణాన, ఇదే రహదారి మీదున్న కయత్తారులో చుట్టుపక్కల పాళెగాళ్ళందరినీ సమావేశపరిచి, వాళ్ళ కళ్ళెదుట విచారణ అనిపించుకునే తతంగం నడిపి, చింతచెట్టుకు ఉరితీశారు. వాదించేవాడు లేడు. ఆరోపించినవాడూ తీర్పు చెప్పినవాడూ ఒక్కడే. ఆ రోజు కట్టబొమ్మన్ బెదరకుండా నిలబడ్డాడనీ, తనకు ఎదురు నిలిచిన పాళెగాళ్ళ వంక, ముఖ్యంగా ఎట్టయపురం పాళెగాడి వంక తిరస్కారంగా చూశాడనీ ఉరివేయించిన బ్యానర్‌మనే తన నివేదికలో రాశాడు.

కట్టబొమ్మన్‌ను ఈ కాలపు ప్రజాస్వామ్యవాదిగా చూపించడం చరిత్రకు అన్యాయం. ఆయన పాళెగాడు, కావలి పన్ను వసూలు చేసినవాడు. ఆయన కింద కాపులకు ఓటు లేదు, కోర్టు లేదు. కానీ కయత్తారులో జరిగింది ఎవరికీ జరగకూడదు. రాజ్యాంగం 21వ అధికరణం చట్టం ఏర్పరచిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించకూడదంటుంది. 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసినవాడికి కారణం చెప్పాలి, నచ్చిన వకీలును పెట్టుకోనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలపాలి. ఈ రెండూ ఎందుకున్నాయో పిల్లలకు చెప్పాలంటే కయత్తారు స్మారకం దగ్గర బస్సు ఆపితే చాలు.

కట్టబొమ్మన్ తమ్ముడు ఊమైత్తురై, అంటే మూగదొర, 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెర నుంచి తప్పించుకుని, నేలమట్టమైన కోటను మళ్ళీ లేపాడు. మే 24న అది కూలింది. నవంబర్‌లో ఆయన్నూ ఉరితీశారు. ఈ పోరాటాల్లో ప్రాణాలిచ్చినవారిలో సుందరలింగం అనే దళిత వీరుణ్ణి జనం తలచుకుంటారు. ఆ పేరు రెండు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ వినిపించింది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

కంపెనీ పక్షాన నిలిచిన ఎట్టయపురం జమీందారీగా మిగిలింది. ఆ ఆస్థానంలోనే 1835లో ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూశారు. 1904లో సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఆ ఊళ్ళోనే అచ్చయింది, అదీ తెలుగులో. కర్ణాటక సంగీతానికి ఈనాటికీ ప్రామాణికమైన స్వరలిపి గ్రంథం తమిళ నేల నడిబొడ్డున తెలుగు అక్షరాల్లో వచ్చిందంటే, ఆ రోజుల్లో భాషకు సరిహద్దు గీత ఎక్కడా లేదని అర్థం. 1882 డిసెంబర్ 11న సుబ్రహ్మణ్య భారతి పుట్టిందీ ఈ ఊళ్ళోనే. భారతి అన్న బిరుదు ఆయనకు చిన్నతనంలోనే ఎట్టయపురంలో దక్కింది.

ఓడ నడిపినవాడి నేరం

పాంచాలంకురిచ్చికి కూతవేటు దూరంలోని ఒట్టపిడారంలో 1872లో వి.ఒ. చిదంబరం పిళ్ళై పుట్టారు. 1906లో తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. మూలధనం 10 లక్షలు, ఒక్కో వాటా 25 రూపాయలు. గాలియా, లావో అనే ఓడలు తెచ్చి కొలంబోకు నడిపారు. 1908లో కోరల్ మిల్లు కార్మికుల సమ్మెకు అండగా నిలిచారు. మార్చిలో బిపిన్ చంద్రపాల్ విడుదలను పండుగ చేయబోతే అరెస్టు చేశారు. రాజమండ్రి, మచిలీపట్నం యువకులను 1907లో కదిలించినది ఈ పాల్‌గారే. అరెస్టు వార్తకు తిరునెల్వేలి భగ్గుమంది. కాల్పుల్లో నలుగురు చనిపోయారు. రాజద్రోహం కింద చిదంబరం పిళ్ళైకి పడిన శిక్ష యావజ్జీవం. పైకోర్టులో తగ్గింది. కోయంబత్తూరు జైల్లో గానుగ లాగించారు. 1912 చివర్లో బయటికొచ్చేసరికి ఓడలు లేవు, కంపెనీ లేదు.

ఆయన నేరమల్లా మాట్లాడటం. 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న మన రాజ్యాంగం 19వ అధికరణంలో వాక్‌స్వాతంత్ర్యం, శాంతియుతంగా గుమికూడే స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ పక్కపక్కనే ఉన్నాయి. ఓడల కంపెనీ, సమ్మె, సభ అనే మూడు పనుల్లో ఆయన వాడుకున్నవీ అవే.

పిడికెడు బియ్యం

విరుదునగర్‌ను 1923 దాకా విరుదుపట్టి అనేవారు. నాడార్ వర్తకుల ఊరు. గుడిలోకి రానివ్వని రోజుల్లో, 1899 శివకాశి అల్లర్ల వంటి దాడులు ఎదుర్కొన్న రోజుల్లో, ఆ సమాజం తన పిల్లల కోసం తానే బడి పెట్టుకుంది. క్షత్రియ విద్యాశాల దాని పేరు. వంటకు ఎసరు పెట్టేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి విడిగా ఒక కుండలో వేసేది. ‘పిడి అరిసి’ అంటారు దాన్ని. ఇంటింటా కూడిన బియ్యం అమ్మి బడి నడిపారు. 1903 జూలై 15న పుట్టిన కామరాజు ఆ బడిలో చదువుకున్నారు. తండ్రి పోవడంతో చిన్నతనంలోనే చదువు ఆగింది. స్వాతంత్ర్యోద్యమంలో దిగి, మొత్తం మీద తొమ్మిదేళ్ళ దాకా జైళ్ళలో గడిపారు.

1941లో ఆయన జైల్లో ఉండగానే విరుదునగర్ పురపాలక సంఘం ఛైర్మన్‌గా ఎన్నుకున్నారు. విడుదలై వచ్చి, ఆ బాధ్యతకు పూర్తి న్యాయం చేయలేనని వెంటనే రాజీనామా చేశారు. పదవి దక్కినవాడు దాని పని చేయాలి, చేయలేనప్పుడు దిగిపోవాలి. ఇంత చిన్న సంగతిని మన వార్డు కౌన్సిలర్లకు ఎవరూ చెప్పరు. 1992 నాటి 74వ సవరణతో పురపాలక సంఘాలకు రాజ్యాంగంలోనే చోటు, అయిదేళ్ళ గడువు, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు సీట్ల కేటాయింపు వచ్చాయి. వీధి దీపం నుంచి మురుగు కాలువ దాకా పౌరుడు ముందుగా నిలదీయాల్సింది అక్కడే.

1954లో కామరాజు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యేనాటికి శాసనసభ్యుడు కారు. సభ్యుడు కానివాడు మంత్రి కావచ్చు, కానీ ఆర్నెల్లలో సభ్యుడు కాకపోతే పదవి పోతుందని 164వ అధికరణం. అంతకుముందు 1952లో రాజాజీ శాసనమండలికి నామినేట్ అయి ముఖ్యమంత్రిగా సాగారు. కామరాజు గుడియాత్తం ఉపఎన్నికలో నిలబడి గెలిచి వచ్చారు. రెండు దారులూ చట్టానికి లోబడినవే. జనం దగ్గరికి వెళ్ళిన దారి మేలైనదని నా నమ్మకం.

పేదపిల్లలు బడికి ఎందుకు రావడం లేదంటే, ఆ పూట కూలి మానితే తిండి లేదు గనక. బళ్ళో అన్నం పెడితే వస్తారు. ఈ ఆలోచనకు మద్రాసు రాష్ట్రంలో పూర్వరంగం ఉంది. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టించారు. కామరాజు దాన్ని రాష్ట్రమంతటికీ తెచ్చారు. 1956లో ఆ పథకానికి భారతి పుట్టిన ఎట్టయపురంలోనే శ్రీకారం చుట్టారు. విద్యాశాఖ డైరెక్టర్ నె.దు. సుందరవడివేలు ఊరూరా తిరిగి దాతలను కూడగట్టారు. 1982లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం దాన్ని పౌష్టికాహార పథకంగా విస్తరించింది. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2002 నాటి 86వ సవరణతో 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువు ప్రాథమిక హక్కయింది. తెలుగు రాష్ట్రాల బళ్ళలో ఇవాళ కంచం ముందు కూర్చున్న పిల్లవాడి అన్నానికి వెనక విరుదునగర్ ఇల్లాలి పిడికెడు బియ్యం ఉంది.

అలాంటి కామరాజు, నెహ్రూ తర్వాత ఇద్దరు ప్రధానుల ఎంపికలో కీలకమైన మనిషి, 1967లో సొంత ఊరు విరుదునగర్‌లో ఓడిపోయారు. ఓడించింది డి.ఎం.కె. విద్యార్థి నాయకుడు పి. శ్రీనివాసన్. తేడా 1,285 ఓట్లు. స్వాతంత్ర్యానికి ముందు ఆస్తి, పన్ను, చదువు ఉంటేనే ఓటు. 326వ అధికరణం ఆ గీతను చెరిపేసింది. మొదట 21 ఏళ్ళు, 1989 నుంచి 18 ఏళ్ళు నిండిన ప్రతి పౌరుడికీ ఒకే ఓటు, అందరిదీ ఒకే బరువు. దేశపు పెద్దను ఇంటికి పంపడానికి ఆ ఊరికి కావలసింది ఒక పోలింగు రోజు మాత్రమే. కయత్తారులో పాళెగాళ్ళు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడిన చోటికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, 168 ఏళ్ళ తర్వాత జరిగిన సంగతి ఇది.

రెండు నిరాహార దీక్షలు

విరుదునగర్ జిల్లాలోని రాజపాళయంలో రాజుల ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు. 1898లో ఆ ఊళ్ళో పుట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాడు మద్రాసు రాష్ట్రపు ముఖ్యమంత్రి ఆయనే. ఆంధ్రుల చరిత్రలో ఆయనకున్న చోటు చాలామందికి గుర్తులేదు. ఆంధ్రను విడదీయడానికి 1949లో వేసిన విభజన సంఘానికి అధ్యక్షుడాయన. సభ్యుల్లో టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి ఉన్నారు. మద్రాసు నగరం విషయంలో ప్రకాశంగారు అసమ్మతి రాశారు. గణతంత్రంతోపాటే రావలసిన ఆంధ్ర రాష్ట్రం ఆగిపోయింది. తమిళ నేల మీద పుట్టిన తెలుగువాడు ఆ సంఘం కుర్చీలో కూర్చుని రెండు పక్షాల మాటా విన్నాడు. అప్పటి ఆయన మనసు ఎలా ఉందోనని నేను చాలాసార్లు అనుకుంటాను. 1952 ఎన్నికల్లో ఓడిపోయాక ఆయన ఒరిస్సా గవర్నర్‌గా వెళ్ళారు. రాజపాళయంలోని తన ఇంటిని గాంధీ పేరు మీద కళామందిరానికి ఇచ్చేశారు.

ఆ తర్వాతి కథ మనకు కంఠతా వచ్చు. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట నిరాహార దీక్ష మొదలుపెట్టి, 58 రోజులకు డిసెంబర్ 15న కన్నుమూశారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

కంఠతా రావలసిన రెండో కథ విరుదునగర్‌ది. మిగిలిన మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు పెట్టాలని, మరికొన్ని కోరికలతో, గాంధేయవాది శంకరలింగనార్ 1956 జూలై 27న విరుదునగర్‌లో దీక్షకు కూర్చున్నారు. దేశబంధు మైదానంలో చిన్న పాక, మంచం, చుట్టూ వచ్చిపోయే జనం. ముఖ్యమంత్రి అదే ఊరి కామరాజు. రెండున్నర నెలలు గడిచాయి. అక్టోబర్ 13న ఆయన ప్రాణం పోయింది. 19 రోజుల తర్వాత, నవంబర్ 1న భాషను బట్టి రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరణ అయ్యాయి, ఆంధ్రప్రదేశ్ అవతరించింది. మద్రాసు మాత్రం మద్రాసుగానే మిగిలింది. 1967 జూలై 18న అన్నాదురై ప్రభుత్వం శాసనసభలో తీర్మానం చేసింది, పార్లమెంటు చట్టం చేసింది, 1969 జనవరి 14న తమిళనాడు అన్న పేరు అమల్లోకి వచ్చింది.

రాష్ట్రాన్ని ఏర్పరచడం, హద్దు మార్చడం, పేరు మార్చడం, ఇవన్నీ 3వ అధికరణం కింద పార్లమెంటు పని. సాధారణ మెజారిటీ చాలు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడనక్కర్లేదు. 2014లో తెలంగాణ వచ్చిందీ ఈ అధికరణం కిందే. గీతలు ఎన్నిసార్లు మారినా పౌరసత్వం మారదు. భారతదేశంలో రాష్ట్ర పౌరసత్వం అనేది లేదు, ఉన్నది భారత పౌరసత్వం ఒక్కటే. 1953లో గీత గీసినప్పుడు కోవిల్‌పట్టి తెలుగువాళ్ళు ఆంధ్రకు రాలేదు. రావలసిన అవసరమూ లేదు. వాళ్ళ పొలం అక్కడుంది, ఓటు అక్కడుంది, పూర్వీకుల సమాధులు అక్కడున్నాయి.

అగ్గిపుల్ల, పిల్లల చేతులు

1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. అక్కడి నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా ఆ పని పాకింది. ఊళ్ళో దాన్ని ‘తీప్పెట్టి ఆఫీసు’ అంటారు, తీప్పెట్టి అంటే అగ్గిపెట్టె. సన్నని గాళ్ళున్న చెక్కచట్రంలో ఒక్కో పుల్లా దూర్చి బిగించాలి, నిండిన చట్రాన్ని మందులో ముంచాలి, ఎండబెట్టాలి, పెట్టెల్లో నింపాలి. చట్రాలను లెక్కబెట్టి కూలి ఇస్తారు. సన్నని గాళ్ళకు సన్నని వేళ్ళు కావాలి. దశాబ్దాల పాటు తెల్లవారకముందే కంపెనీ బస్సులు పల్లెలకు వచ్చి, నిద్రకళ్ళతో ఉన్న పిల్లలను ఎక్కించుకుపోయేవి. రాత్రికి గానీ దింపేవి కావు. చాలామంది ఆడపిల్లలే.

రాజ్యాంగం 24వ అధికరణం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఫ్యాక్టరీలో, గనిలో, ప్రమాదకరమైన పనిలో పెట్టకూడదని 1950 నుంచే చెబుతోంది. చెప్పడానికీ జరగడానికీ మధ్య 46 ఏళ్ళు పట్టింది. న్యాయవాది ఎం.సి. మెహతా శివకాశి పిల్లల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ప్రాథమిక హక్కు కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళడమే 32వ అధికరణం ఇచ్చే హక్కు. అంబేడ్కర్ దాన్ని రాజ్యాంగానికి గుండెకాయగా భావించారు. 1996 డిసెంబర్ 10న తీర్పు వచ్చింది. పిల్లవాణ్ణి పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లవాడికి 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్ళకు ప్రభుత్వం పని చూపించాలి, చూపలేకపోతే తన వంతు 5,000 కట్టాలి. పిల్లవాణ్ణి బడికి పంపాలి. 2016 సవరణతో 14 ఏళ్ళ లోపు పిల్లలను, ఇంటి వ్యాపారంలో బడి వేళల తర్వాత సాయం వంటి మినహాయింపులు తప్ప, ఏ పనిలోనూ పెట్టకూడదన్నది చట్టమైంది. బడిలో అన్నం, కోర్టులో తీర్పు, యంత్రాల రాక, మూడూ కలిసి ఆ తెల్లవారుజాము బస్సులను ఆపాయి. ఏ ఒక్కదాని ఘనతగానో చెప్పుకోవడం సరికాదు.

బస్సు మీద పేరు

1985లో రామనాథపురం జిల్లా నుంచి విరుదునగర్ కేంద్రంగా వేరుచేసిన జిల్లాకు కామరాజు పేరు పెట్టారు. రాష్ట్రంలో జిల్లాలకూ, రవాణా సంస్థలకూ నాయకుల పేర్లు పెట్టే ఆనవాయితీ అప్పట్లో ఉండేది. 1997లో విరుదునగర్ కేంద్రంగా పెట్టిన రవాణా సంస్థకు కట్టబొమ్మన్ పక్షాన పోరాడిన వీరన్ సుందరలింగం పేరు పెట్టారు. దళితుడి పేరున్న బస్సు ఎక్కబోమని కొందరు అడ్డుతిరిగారు. దక్షిణ జిల్లాల్లో అల్లర్లు రేగాయి, బస్సుల మీద రాళ్ళు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. చివరకు ప్రభుత్వం అన్ని జిల్లాల నుంచీ, అన్ని రవాణా సంస్థల నుంచీ నాయకుల పేర్లు తీసేసింది. కామరాజు జిల్లా విరుదునగర్ జిల్లా అయింది అలాగే.

ఒక్క పేరును నిలబెట్టడం కష్టమై అన్ని పేర్లూ చెరిపేశారు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి 47 ఏళ్ళయ్యాక జరిగిందిది. కట్టబొమ్మన్‌ను తెలుగువాడని గర్వంగా చెప్పుకునే మనం ఆయన వెంట నడిచి చనిపోయిన సుందరలింగం పేరును కూడా అదే ఊపిరిలో చెప్పాలి.

ఇంటి భాష

కోవిల్‌పట్టి పక్కనే ఇడైచేవల్. 1923లో ఆ ఊళ్ళో పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగు ఇంటి బిడ్డ, బడి చదువు అంతంత మాత్రం. తమిళంలో మాండలిక రచనకు పెద్దదిక్కు అయ్యారు. 1976లో వచ్చిన ‘గోపల్లపురం’ నవలలో తెలుగు కుటుంబాలు ఒక పిల్లను కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి దక్షిణానికి పారిపోయి వచ్చి, అడవి నరికి, కరిసల్ నేలను పొలం చేసుకున్న కథ ఉంది. కథ కంపెనీ పాలన మీదుగా విక్టోరియా రాణి పాలన దాకా వస్తుంది. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’ స్వాతంత్ర్య పోరాటం దాకా నడిచి, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. కరిసల్ మాటలకు ఆయన నిఘంటువు కూడా కూర్చారు. 2021 మే నెలలో పుదుచ్చేరిలో కన్నుమూస్తే, ఇడైచేవల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తెలుగు వలస చరిత్రను ఇంత వివరంగా రాసిన పుస్తకం తమిళంలో ఉండటం ఈ సీమకు సహజం.

ఇలాంటి ఇళ్ళకు రాజ్యాంగం ఏమిస్తుంది? 29వ అధికరణం సొంత భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ పౌర సముదాయానికైనా వాటిని కాపాడుకునే హక్కునిచ్చింది. 30వది అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు. 1956లో భాషా రాష్ట్రాలతోపాటే వచ్చిన 350ఎ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమంటుంది. 350బి భాషాల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని నియమించమంటుంది. భాషాల్పసంఖ్యాకులెవరన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని టి.ఎం.ఎ. పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదకొండుమంది తేల్చారు. విజయవాడలో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు కోవిల్‌పట్టిలో అల్పసంఖ్యాకుడు. 1949లోనే విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది: తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది పిల్లలు ఆ భాషవాళ్ళుంటే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి.

తమిళనాడు 2006లో చేసిన చట్టంతో తమిళం పదో తరగతి దాకా తప్పనిసరి అయింది. ఆ రాష్ట్రంలో బతికేవాళ్ళకు తమిళం రావాలి, అందులో తప్పేమీ లేదు. ఈ సీమ తెలుగువాళ్ళకు అది ఎప్పటినుంచో వచ్చు. వాళ్ళకు రానిది తెలుగు రాయడం. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషలో తన పేరు రాసుకోలేని వాళ్ళు లక్షల్లో ఉన్నారు. 350ఎ ఉన్నదని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. 10 మంది తల్లిదండ్రులు కలిసి అర్జీ పెట్టుకోవచ్చన్న సంగతి ఆ ఊళ్ళ గోడల మీద ఎక్కడా రాసిలేదు. కట్టబొమ్మన్ మద్రాసు కౌన్సిల్‌కు పంపిన కాగితం లాంటిదే ఈ అర్జీ. తేడా ఏమిటంటే, దీన్ని విని తీరవలసిన బాధ్యత ఇప్పుడు చట్టంలో ఉంది.

2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 42 లక్షలకు పైగా, జనాభాలో 5.87 శాతం. తర్వాతి జనగణనకు 2027 అని ప్రకటించారు. ఎన్యూమరేటర్ ఇడైచేవల్‌లోనో కయత్తారులోనో వాకిట నిలబడి మాతృభాష ఏమిటని అడుగుతాడు. జనగణన లెక్కలో మాతృభాష అంటే పసితనంలో తల్లి మనతో మాట్లాడిన భాష. చదవడం, రాయడం వచ్చా అన్నది వేరే ప్రశ్న. ఇంటివాళ్ళు ఏది చెబితే అది రాసుకోవాలని ఎన్యూమరేటర్‌కు నియమం. ఆ గడిలో ఏం పడుతుందన్నది గుమ్మంలో నిలబడి జవాబు చెప్పే అవ్వ నోట ఉంది.